ఆలస్యంగా వచ్చినవారికి తెరిచిన తలుపు

అమెరికా చదువు అనగానే మన కళ్ళముందు మెదిలేవి హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి మహావిద్యాలయాలు: తీగలు అల్లుకున్న ఇటుక గోడలు, శతాబ్దాల చరిత్ర, నోబెల్ బహుమతి పొందిన ఆచార్యులు. కాని ఆ దేశంలో డిగ్రీ స్థాయి చదువు చదివేవారిలో మూడవ వంతుకు పైగా అటువంటి గోడల మధ్య ఏనాడూ అడుగు పెట్టినవారు కారు. వారు చదివేది తమ ఊళ్ళోనే, బస్సు దిగితే ఎదురుగా కనిపించే ఒక సాదా భవనంలో. దాని ముందు విశాలమైన కార్ల మైదానం, లోపల ట్యూబులైట్ల వెలుగు, పగలంతా పనిచేసి వచ్చేవారికోసం సాయంకాలం మొదలయ్యే తరగతులు. ఒకే బల్లమీద పద్దెనిమిదేళ్ళ కుర్రవాడూ, అతని తల్లి వయసు గల నర్సూ, సైన్యం నుంచి తిరిగి వచ్చిన సిపాయీ పక్కపక్కనే కూర్చుని బీజగణితం నేర్చుకుంటూ ఉంటారు.

వీటిని అక్కడ కమ్యూనిటీ కాలేజీలు అంటారు. మన మాటల్లో 'ఊరి కాలేజీ' అనుకోవచ్చు. ఇక్కడ చేరడానికి ర్యాంకు అక్కరలేదు. ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసినా, దానికి సమానమైన పరీక్ష గట్టెక్కినా చాలు. రెండేళ్ళు చదివితే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. దానితో నర్సింగు, వెల్డింగు, ఎక్స్‌రే యంత్రాల పని వంటి ఉపాధి చూసుకోవచ్చు. లేదా ఆ రెండేళ్ళ చదువునూ లెక్కకట్టించుకుని ఏదైనా విశ్వవిద్యాలయంలో మూడవ సంవత్సరంలో చేరవచ్చు. రుసుము విశ్వవిద్యాలయాల రుసుములో చిన్న భాగం. కాలిఫోర్నియా రాష్ట్రంలోనైతే 1984 వరకూ స్థానిక విద్యార్థుల నుంచి చదువు రుసుమే తీసుకునేవారు కారు.

ఈ కాలేజీల గొప్పదనాన్ని భవనాలలో వెదికితే కనబడదు. అక్కడికి ఎవరు వచ్చారు, ఏ స్థితిలో వచ్చారు, అక్కడినుంచి ఎక్కడికి వెళ్ళారు అన్నది పరిశీలిస్తేనే అది బోధపడుతుంది.

ఆరుగురితో ఆరంభం

1901లో షికాగో నగర సమీపాన ఉన్న జోలియట్ పట్టణంలో ఈ ఆలోచన రూపు దాల్చింది. షికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, జోలియట్ ఉన్నత పాఠశాల అధిపతి జె. స్టాన్లీ బ్రౌన్ కలిసి, ఇల్లు విడిచి దూరప్రాంతాలకు వెళ్ళలేని పిల్లలకు కళాశాల మొదటి రెండు సంవత్సరాల పాఠాలు ఉన్న ఊళ్ళోనే చెప్పించే ఏర్పాటు చేశారు. మొదట చేరినవారు ఆరుగురే. అదే నేటి జోలియట్ జూనియర్ కాలేజీ. ఆ దేశంలో నిలిచి నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలన్నింటికీ అది పెద్దక్క.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ విత్తనానికి నీరు పోసింది. 1944లో చేసిన చట్టం ప్రకారం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికుల చదువు ఖర్చును ప్రభుత్వమే భరించింది. రైతుల బిడ్డలు, కార్మికుల బిడ్డలు లక్షల సంఖ్యలో తరగతి గదులకు తరలివచ్చారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘం, ప్రజలకు అందుబాటులో ఉండే ఇటువంటి కళాశాలలను దేశమంతటా విస్తరింపజేయాలని సిఫారసు చేసింది. 'కమ్యూనిటీ కాలేజీ' అన్న పేరు జనం నోట నిలిచింది కూడా ఆ నివేదిక మూలంగానే. ఈనాడు అటువంటి కళాశాలలు ఆ దేశంలో దాదాపు వెయ్యి ఉన్నాయి.

టమాటా తోటలనుంచి శస్త్రచికిత్సాలయానికి

ఆల్ఫ్రెడో కిన్యోనెస్-ఇనోహోసా 1968లో మెక్సికో దేశంలో, అమెరికా సరిహద్దును ఆనుకుని ఉన్న మెహికాలి నగరం శివార్లలో జన్మించాడు. తండ్రికి చిన్న పెట్రోలు బంకు ఉండేది. అయిదేళ్ళ వయసునుంచే ఆ బాలుడు అక్కడ పనిచేశాడు. 1970వ దశకంలో దేశపు ఆర్థిక స్థితి క్షీణించినప్పుడు ఆ బంకు చేజారిపోయింది. ఇంట్లో తిండికి కరువు వచ్చింది. 1987లో, 19 ఏళ్ళ వయసులో, అతడు సరిహద్దు కంచె దూకి అమెరికాలో ప్రవేశించాడు. ఒకసారి పట్టుబడ్డాడు, మళ్ళీ దూకాడు.

కాలిఫోర్నియాలోని సాన్ హొవాకీన్ లోయ పొలాలలో టమాటాలు, పత్తి, ఖర్బూజాలు కోసే కూలీగా అతని జీవితం మొదలైంది. ఇంగ్లీషు రాదు. ఒకనాడు తాను చదువుకుంటానని చెబితే, తోటి కూలీగా ఉన్న బంధువు ఒకడు, నీ గతి ఇదే, జీవితాంతం ఈ పొలాల్లోనే ఉంటావు అన్నాడట. ఆ మాట కత్తిపోటులా తగిలిందని తరువాతి కాలంలో ఆయన అనేకసార్లు చెప్పుకున్నాడు. అతడు పొలం విడిచి స్టాక్టన్ పట్టణానికి వెళ్ళాడు. అక్కడి ఓడరేవులో గంధకం పారతో ఎత్తి పోశాడు. రైలు ట్యాంకర్లు బాగుచేసే కర్మాగారంలో వెల్డింగు పని నేర్చాడు. సాయంకాలాలు సాన్ హొవాకీన్ డెల్టా కాలేజీలో చేరాడు. అది ఆ ఊరి కమ్యూనిటీ కాలేజీ.

1989లో ఒకనాడు, పెట్రోలు రవాణా చేసే ట్యాంకరు లోపలికి, సుమారు 18 అడుగుల లోతుకు, పడిపోయాడు. లోపలంతా విషవాయువు. తాడు పట్టుకుని పైకి ఎగబాకుతూ స్పృహ కోల్పోయి మళ్ళీ కింద పడ్డాడు. ప్రాణానికి తెగించి లోపలికి దిగి రక్షించినవాడు అతని సొంత బావగారే. ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన ఆ యువకుడు కొద్దికాలంలోనే మళ్ళీ పనికీ, మళ్ళీ తరగతికీ వెళ్ళాడు.

డెల్టా కాలేజీనుంచి బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, అక్కడినుంచి హార్వర్డ్ వైద్య కళాశాలకు సాగింది ఆ ప్రయాణం. 1999లో ఆయన వైద్య పట్టభద్రుడైనాడు. ఈ మధ్యలోనే అమెరికా పౌరసత్వమూ లభించింది. నాడీ శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొంది, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా మెదడు కణుతులపై పరిశోధనలు సాగించారు. 2016లో ఫ్లారిడాలోని మేయో క్లినిక్‌లో నాడీ శస్త్రచికిత్సా విభాగానికి అధిపతి అయ్యారు. ఒకప్పుడు పొలంలో టమాటాలు కోసిన చేతులే నేడు మనిషి మెదడును తాకి ప్రాణం నిలుపుతున్నాయి.

ఇక్కడ ఒక్క సంగతి గమనించవలసి ఉంది. ఈ వ్యక్తి ప్రతిభ హార్వర్డ్‌లో పుట్టినది కాదు. అది పొలంలో ఉన్నప్పుడూ ఉంది, ట్యాంకరు కింద ఉన్నప్పుడూ ఉంది. కాని భాష రాని, సొమ్ము లేని, పగలంతా కర్మాగారంలో ఉండే మనిషి నడిచి వెళ్ళగలిగిన తలుపు ఆ ఊళ్ళో ఒక్కటే ఉంది. అది లేకపోయినట్లయితే హార్వర్డ్ ద్వారం ఎంత విశాలంగా తెరిచి ఉన్నా ఆయనకు ఉపయోగం లేదు.

ఆకాశం వైపు చూసిన అమ్మాయి

న్యూయార్కు రాష్ట్రంలో ఎల్మీరా అనే పట్టణం ఉంది. ఇంజను లేకుండా గాలిలో తేలే గ్లైడరు విమానాలకు అది ప్రసిద్ధి. 1956లో అక్కడ జన్మించిన ఐలీన్ కాలిన్స్ చిన్ననాడు కొండమీదినుంచి ఆ గ్లైడర్లను చూస్తూ గంటలు గడిపేది. ఆమెది నలుగురు సంతానం గల ఇల్లు. ప్రభుత్వం కట్టించి ఇచ్చిన వాటాలో కాపురం. కొంతకాలం ప్రభుత్వం ఇచ్చే ఆహార కూపన్ల మీదనే పొయ్యి వెలిగింది. విమానం నడపాలన్న కోరికను ఆ ఇంట్లో పైకి చెప్పుకోవడం కూడా విలాసమే.

దూరపు విశ్వవిద్యాలయానికి వెళ్ళే స్తోమత లేక ఆమె సమీపంలోని కార్నింగ్ కమ్యూనిటీ కాలేజీలో చేరింది. ఖాళీ వేళల్లో పీజా దుకాణంలోనూ, ఇతర చోట్లా పనిచేసి వెయ్యి డాలర్లు కూడబెట్టింది. ఆ సొమ్ముతో తన 19వ ఏట స్థానిక విమానాశ్రయానికి వెళ్ళి విమానం నడపడం నేర్పమని అడిగింది. 1976లో గణితంలోనూ, విజ్ఞానశాస్త్రంలోనూ అసోసియేట్ డిగ్రీ పొంది, 1978లో సిరక్యూస్ విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రురాలై, అమెరికా వైమానిక దళంలో చేరింది. అది స్త్రీలను పైలట్ శిక్షణకు అప్పుడప్పుడే అనుమతిస్తున్న కాలం.

1995 ఫిబ్రవరిలో ఐలీన్ కాలిన్స్ అమెరికా రోదసి నౌకను నడిపిన మొదటి మహిళా పైలట్ అయ్యారు. 1999 జూలైలో కొలంబియా నౌకకు కమాండరుగా వెళ్ళారు. అమెరికా రోదసి నౌకకు నాయకత్వం వహించిన మొదటి మహిళ ఆమే. ఆ యాత్రలో ఆమె బృందం ఆకాశంలో నిలిపి వచ్చిన ఎక్స్‌రే దూరదర్శిని పేరు 'చంద్ర'. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, నక్షత్రాల అంత్యదశ రహస్యాన్ని గణించి, 1983లో నోబెల్ బహుమతి పొందిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ స్మృత్యర్థం పెట్టిన పేరది. 2003లో కొలంబియా నౌక కూలి మన కల్పనా చావ్లా సహా ఏడుగురు మరణించిన తరువాత, 2005లో మళ్ళీ మొదటిసారిగా రోదసి నౌకను నడిపించుకుని వెళ్ళిన కమాండరు కూడా ఈ ఎల్మీరా అమ్మాయే.

పగలు కూలి, రాత్రి కలం

ఆక్టేవియా బట్లర్ కథ ఇంతకంటె నెమ్మదిగా నడుస్తుంది. 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో నల్లజాతి కుటుంబంలో ఆమె జన్మించింది. బూట్లు పాలిష్ చేసి జీవించిన తండ్రి ఆమె చిన్నతనంలోనే కన్నుమూశాడు. తల్లి తెల్లవారి ఇళ్ళలో పాచిపని చేసేది. ఆ ఇళ్ళవారు పారవేసిన పాత పుస్తకాలను కూతురికోసం ఇంటికి తెచ్చేది. అమ్మాయికి అక్షరాలు తారుమారుగా కనిపించే డిస్లెక్సియా అనే లోపం ఉంది. దానికి తోడు విపరీతమైన బిడియం. తరగతిలో నోరు విప్పని పిల్ల మందబుద్ధి అని పెద్దలు అనుకోవడం ఏ దేశంలోనైనా మామూలే.

పగలు పనిచేస్తూ పాసడీనా సిటీ కాలేజీలో రాత్రి తరగతులకు వెళ్ళింది. మొదటి సంవత్సరంలోనే కాలేజీ జరిపిన కథల పోటీలో బహుమతి గెలుచుకుంది. పారితోషికం 15 డాలర్లు. రచయిత్రిగా ఆమె మొదటి సంపాదన అది. 1968లో అసోసియేట్ డిగ్రీ పొందిన తరువాత కూడా సుఖపడింది లేదు. పాత్రలు కడిగింది, ఆలుగడ్డ చిప్సు తయారుచేసే చోట నాణ్యత చూసే పని చేసింది, తెల్లవారుజామున రెండు గంటలకు లేచి రాసుకుని, తరువాత పనికి వెళ్ళింది. తరువాత ఆమె వైజ్ఞానిక కాల్పనిక నవలలు దేశదేశాల పాఠకులకు చేరాయి. 1995లో ప్రతిష్ఠాత్మకమైన మకార్థర్ పురస్కారం లభించింది. 2006లో ఆమె మరణించింది. 2021 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష సంస్థ పంపిన పర్సివరెన్స్ వాహనం అంగారక గ్రహంపై దిగిన చోటికి ఆక్టేవియా బట్లర్ పేరే పెట్టారు.

15 డాలర్లు ఏపాటి సొమ్ము? కాని ఎవరూ తన మాట వినని పిల్లకు, నీవు రాసినది మేము చదివాము, బాగున్నది అని ఒక కళాశాల చెప్పడం ఏపాటి సంగతి కాదు. మనిషి నిలదొక్కుకోవడానికి ఒక్కొక్కసారి అంతకంటె ఎక్కువ అక్కరలేదు.

తల్లి కోరిన కోరిక

1960-62 మధ్య క్యూబా దేశంలోని రాజకీయ పరిణామాలకు భయపడి, 14,000 మందికి పైగా పిల్లలను తల్లిదండ్రులు ఒంటరిగా విమానం ఎక్కించి అమెరికా పంపివేశారు. వారిలో ఎడ్వర్డో పద్రోన్ ఒకడు. 1961లో తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఏం చేసినా చేయకపోయినా కాలేజీలో మాత్రం చదవమని తల్లి అతనిని కోరింది. ఇంగ్లీషు అంతంతమాత్రం, చేతిలో పైకం లేదు. అతనికి తలుపు తెరిచినది మయామీలో 1960లో మొదలైన డేడ్ కౌంటీ జూనియర్ కాలేజీ. తాత్కాలికపు షెడ్లలో ప్రారంభమైన దానిని ఊరివారు పరిహాసంగా 'కోళ్ళగూళ్ళ కాలేజీ' అని పిలిచేవారు. జాతి భేదం రాజ్యమేలుతున్న ఆ దక్షిణాది ప్రాంతంలో నల్లజాతి విద్యార్థులను, కాందిశీకులను మొదటినుంచీ చేర్చుకున్న కళాశాల అది.

పద్రోన్ అక్కడ చదివి, పై చదువులు ముగించి అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. పెద్ద కంపెనీలో ఉద్యోగానికి వెళ్ళవలసినవారు, తనకు తలుపు తెరిచిన కాలేజీకే ఉపాధ్యాయుడుగా తిరిగి వచ్చారు. 1995 నుంచి 2019 వరకు దానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఆయన కాలంలో ఆ కాలేజీ విద్యార్థుల సంఖ్య లక్ష దాటింది. 2016లో అమెరికా అధ్యక్షుడు ఆయనకు ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారమైన స్వాతంత్ర్య పతకాన్ని ప్రదానం చేశారు.

తలుపు ఒక్కటే చాలదు

ఇంతవరకు చెప్పినవి గెలిచినవారి కథలు. ఇక్కడితో ఆగిపోతే పాఠకులకు అర్ధసత్యమే చెప్పినట్లవుతుంది. కమ్యూనిటీ కాలేజీలో ప్రవేశించేటప్పుడు ప్రతి 10 మందిలో సుమారు 8 మంది విశ్వవిద్యాలయ పట్టా తమ లక్ష్యమని చెబుతారు. ఆరు సంవత్సరాలు గడిచేసరికి ఆ పట్టా చేతికి వచ్చేది ఇద్దరికి కూడా కాదు. బర్టన్ క్లార్క్ అనే సామాజిక శాస్త్రవేత్త 1960లోనే ఒక చేదు మాట అన్నాడు: ఈ కాలేజీలు పేదవాడి ఆశకు తలుపు తెరిచినట్లే తెరిచి, లోపలకు వచ్చిన తరువాత ఆ ఆశను మెల్లగా చల్లారుస్తున్నాయని. 'నీకు ఇది చాలులే' అని ఎవరూ నోటితో అనరు. కాని వ్యవస్థ అంతా కలిసి ఆ మాటే చెబుతుందని ఆయన అభియోగం.

మానివేసినవారంతా చదువు రాక మానివేశారా? టెక్సాస్ రాష్ట్రంలోని అమరిల్లో కాలేజీవారు, మీ చదువుకు అడ్డం వస్తున్నవి ఏమిటని తమ విద్యార్థులనే అడిగారు. వచ్చిన జవాబులలో మొదటి పది అడ్డంకులలో ఒక్కటి కూడా చదువుకు సంబంధించినది కాదు. ఇంటి అద్దె, తిండి, పసిపిల్లలను చూసుకునే మనిషి లేకపోవడం, ప్రయాణం, వైద్యం: ఇవే ఆ అడ్డంకులు. పాత కారు ఒకటి మొరాయిస్తే, దానిని బాగుచేయించడానికి డబ్బు లేక పరీక్షకు రాలేకపోయిన మనిషి, రికార్డులో మాత్రం 'పరీక్ష తప్పినవాడు' అవుతాడు. ఆ కాలేజీవారు అత్యవసర సహాయ నిధి నెలకొల్పారు. కాలేజీలోనే వెచ్చాలు ఉచితంగా ఇచ్చే గది తెరిచారు. సలహా చెప్పడానికి సామాజిక సేవకులను నియమించారు. 2023లో దేశంలోని ఉత్తమ కమ్యూనిటీ కాలేజీలకు ఇచ్చే ఆస్పెన్ బహుమతిని అమరిల్లో మరొక కాలేజీతో కలిసి పంచుకున్నది.

న్యూయార్కు నగర విశ్వవిద్యాలయం 2007లో ప్రారంభించిన పథకం మరింత విశదంగా ఈ సత్యాన్ని నిరూపించింది. ఆ పథకంలో చేరినవారు పూర్తికాలం చదవాలి. అందుకు బదులుగా రుసుములో తక్కువపడిన మొత్తం, పాఠ్యపుస్తకాలు, నెలవారీ బస్సు-రైలు పాసు కాలేజీయే ఇస్తుంది. అన్నిటికంటె ముఖ్యమైనది సలహాదారు. మామూలుగా ఒక్కొక్క సలహాదారు వందలాది విద్యార్థులను, ఒక్కొక్కచోట వెయ్యికి పైబడినవారిని చూడవలసి ఉంటుంది. ఈ పథకంలో మొదట్లో 60 నుంచి 80 మందిని మాత్రమే చూసేవాడు. ఎవరు రెండు రోజులు రాకపోయినా అతనికి తెలిసేది.

ఫలితాన్ని తేల్చడానికి చీటీలు వేసినట్లుగా విద్యార్థులను రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు పథకం వర్తింపజేసి, మరొక జట్టుకు మామూలు పద్ధతి కొనసాగించారు. 2015లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మూడేళ్ళలో పట్టా పొందినవారు మామూలు జట్టులో నూటికి 22 మంది కాగా, పథకం వర్తించిన జట్టులో 40 మంది. విద్యార్థికి అయ్యే ఖర్చు పెరిగింది. కాని పట్టా పొందినవారి సంఖ్య దాదాపు రెట్టింపు కావడంతో, ఒక్కొక్క పట్టాకు పడిన ఖర్చు తగ్గింది. తరువాత ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీలు ఇదే పద్ధతి అవలంబించి దాదాపు ఇటువంటి ఫలితాలనే సాధించాయి.

ఈ రెండు జట్లలోని విద్యార్థుల తెలివిలో తేడా లేదు. కుటుంబాలలో తేడా లేదు. తేడా అంతా ఒక బస్సు పాసులో, కొన్ని పుస్తకాలలో, పేరు పెట్టి పలకరించే ఒక మనిషిలో ఉంది. కష్టాలను అధిగమించిన విద్యార్థిని మనం ఉక్కు సంకల్పం గలవాడని మెచ్చుకుంటాం. అది నిజమే. కాని ఆ మెచ్చుకోలు చాటున ఒక అన్యాయం దాగి ఉంటుంది: మధ్యలో ఆగిపోయినవాడికి సంకల్పం లేదని మనమే తీర్పు చెప్పినట్లవుతుంది. కిన్యోనెస్‌కు ట్యాంకరు లోపలికి దిగిన బావ ఒకరున్నారు. బట్లరుకు పారవేసిన పుస్తకాలు ఏరి తెచ్చిన తల్లి ఉంది. ఒంటరిగా గెలిచిన మనిషి వీరిలో ఒక్కరూ లేరు.

మన గుమ్మం ముందు

ఇదంతా సముద్రాలకు అవతలి కథ, మనకెందుకు అని పాఠకులు అనుకోవచ్చు. మనకూ ఇటువంటి ప్రయత్నాలు లేకపోలేదు. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఆ కోవకు చెందిన మొదటి విశ్వవిద్యాలయం అది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఆచార్య జి. రాంరెడ్డి దానికి మొదటి ఉపకులపతి. ఇంటర్మీడియెట్ గడప తొక్కనివారు కూడా అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరే అవకాశం ఆ విశ్వవిద్యాలయం కల్పించింది. బస్సు కండక్టర్లు, పోలీసు జవాన్లు, పెళ్ళితో చదువు ఆగిపోయిన గృహిణులు సెలవురోజుల్లో అధ్యయన కేంద్రాలకు వెళ్ళి పాఠాలు విన్నారు. మన తెలుగు ఇళ్ళలో అలా పట్టభద్రులైన తల్లి లేదా మేనమామ ఒకరైనా కనిపిస్తారు. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరుతోనే 1995లో పుదుచ్చేరిలో, 1996లో మద్రాసులో సంస్థలు మొదలైనాయి. 2013లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దేశవ్యాప్తంగా అటువంటి పథకాన్ని ప్రవేశపెట్టింది.

తలుపులున్నాయి. కాని మన సమాజపు మనసులో మాత్రం ఒక్కటే తలుపు ఉంది. పదిహేడేళ్ళ వయసులో, మండుటెండల్లో, మూడు గంటలపాటు రాసే ఒక పరీక్ష అది. అక్కడ తప్పినవాడు జీవితంలోనే తప్పినవాడని ఇరుగుపొరుగు అనుకుంటారు, తల్లిదండ్రులు భయపడతారు, ఆ పిల్లవాడే నమ్ముతాడు. 2019లో తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. రెండవ అవకాశం అనేది విద్యాశాఖ ఫైళ్ళలో ఉంటే చాలదు. అది ఉన్నదని పదిహేడేళ్ళ పిల్లకు ముందుగా తెలిసి ఉండాలి. ఫలితాలు వచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట చెప్పాలి.

కమ్యూనిటీ కాలేజీల నుంచి మనం గ్రహించవలసినది ఈ ఒక్క విషయమే. చదువుకు వయసు దాటిపోవడం అంటూ లేదు. ఒకసారి తప్పడం అంటే శాశ్వతంగా తప్పడం కాదు. అయితే ఆ మాట నిజం కావాలంటే, దానిని నిజం చేసే చిన్న చిన్న ఏర్పాట్లు ఎవరో ఒకరు చేయాలి. సాయంకాలపు తరగతికి వెళ్ళే ఇల్లాలికి వంటపని ఒక పూట మరొకరు అందుకోవాలి. దుకాణంలో పనిచేసే కుర్రవాణ్ణి పరీక్ష రోజున జీతం కోయకుండా పంపాలి. మధ్యలో బడి మానిన పనిమనిషి కూతురికి దరఖాస్తు ఫారం తెచ్చిపెట్టి, దానిని పూర్తిచేయడంలో ఒక అరగంట సాయపడాలి. వీటిలో దేనికీ ప్రభుత్వపు ఉత్తర్వు అక్కరలేదు, పెద్ద విరాళమూ అక్కరలేదు.

తప్పిన ప్రతి విద్యార్థిలోనూ రోదసి యాత్రికురాలో, మెదడు వైద్యుడో ఉన్నారని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఈ కాలేజీలలో చదువు ముగించిన అత్యధికులు నర్సులుగా, మెకానిక్కులుగా, గుమాస్తాలుగా, బడిపంతుళ్ళుగా గౌరవంగా జీవిస్తున్నారు. తమ పిల్లలను తమకంటె ఒక మెట్టు పైకి ఎక్కిస్తున్నారు. వారి పేర్లు పత్రికలకు ఎక్కవు. అయినా ఒక దేశం తన ఊరి కాలేజీని ఎందుకు నడుపుకోవాలి అన్న ప్రశ్నకు అసలైన జవాబు వారే.